మూడో పేరు

పైడమ్మ నుదుటికి పట్టీ కట్టి, తిరుపతిరావు తెర వైపు తిరిగాడు. తెర మీద రెండే బొమ్మలున్నాయి. ఒకటి కొండ మీది సంరక్షణ గృహం: వరుసగా మంచాలు, కిటికీలోంచి సముద్రం. రెండోది అతని ఇల్లు: ముందు గది, గోడవారగా కొత్తగా వేసిన మంచం, దాని పక్కన నిలబడి నవ్వుతున్న అతని భార్య వసుధ.

భోజనాల వేళ కావడంతో ఆస్పత్రిలో వ్యాయామాల గది ఖాళీగా ఉంది. మర్నాడు యంత్రానికి అనుమతి ఇచ్చే కమిటీ ముందు అడగబోయే ప్రశ్నను ఒకసారి సరిచూసుకోవాలని అతను నర్సుతో చెప్పాడు. తనతోనూ అదే చెప్పుకున్నాడు.

"అక్కా, ఈ రెండిట్లో ఎక్కడుంటావు?"

పైడమ్మ కళ్ళు ఒక బొమ్మ మీంచి రెండో బొమ్మ మీదికి నెమ్మదిగా జరిగాయి. పక్షవాతం ఆమె మాటనీ, మెడతో సహా ఒంటి కదలికలనీ తీసుకుపోయి కళ్ళను మాత్రం వదిలిపెట్టింది. ఆర్టీసీ బస్సులో కండక్టరుగా ఉద్యోగమంతా "ముందుకు జరగండి బాబూ" అని అరిచిన గొంతు ఇప్పుడు ఊపిరికి మాత్రమే పనికొస్తోంది.

తెర మీద రెండు వెలుగు స్తంభాలు లేచాయి. సంరక్షణ గృహానికి వేలెడంత. అతని ఇంటికి తెర పై అంచు దాకా.

అక్క తన దగ్గరే ఉండాలనుకుంటోంది. ఆ సంగతి తెలిసిన క్షణాన తిరుపతిరావు లోపల ఏదో జారింది. అది సంతోషమేనని అనుకోబోయాడు. కానీ అతని చదువంతా మనుషుల ఇష్టాయిష్టాలను కొలవడం గురించే. తన మనసు తనకే తెలియదనుకునే వెసులుబాటు అతనికి లేదు. వద్దంటున్నా విస్తట్లో వడ్డించేసినప్పుడు మనిషి మొహం ఎలా ఉంటుందో, తన మొహం అలా మారింది. వీపు ఆమె వైపు ఉండబట్టి బతికిపోయాననుకున్నాడు.

స్విచ్చి ఆపేశాడు.

"యంత్రం బాగానే ఉందక్కా. రేపు అందరి ముందూ అడుగుతాం," అన్నాడు, ఆరిపోయిన తెరని చూస్తూనే.

ఆ యంత్రాన్ని ప్రయోగశాలలో అందరూ 'మొగ్గు' అనేవారు. మనసు ఎటు, ఎంత బలంగా మొగ్గుతోందో నుదుటి పట్టీ పసిగడితే, తెర మీద అంత ఎత్తు వెలుగు లేస్తుంది. నోరు పోయిన రోగులను కళ్ళతో అవుననీ కాదనీ చెప్పమనవచ్చు. నిజమే. కానీ పైడమ్మ ఎవరేమడిగినా రెప్పలు వాల్చి సరేననేది. సూది పొడవమంటారా అంటే సరే, కాసేపాగి పొడవమంటారా అంటే అదీ సరే. మనవాళ్ళు రెప్పలతో కూడా మొహమాటపడతారని తిరుపతిరావు ఉపన్యాసాల్లో చెప్పి జనాన్ని నవ్వించేవాడు. మొహమాటం కోరిక మీద ఉండే మూత అనీ, మొగ్గు ఆ మూత తీసి చూస్తుందనీ అతని వాదన.

ఆ యంత్రం లెక్కంతా ఒకే సూత్రం మీద నిలబడింది. రెండింటి మధ్య మనసు ఎటు మొగ్గిందో, మూడోది తెచ్చి పక్కన పెట్టినా ఆ రెండింటి మధ్య తేడా మారకూడదు. ఇడ్లీ కన్నా దోసె ఇష్టమైనవాడు ఉప్మా కూడా ఉందని వినగానే దోసె మానేసి ఇడ్లీ అడగడు. పళ్ళ మీద, రంగుల మీద, రాగాల మీద పరీక్షించినప్పుడు సూత్రం చెక్కుచెదరలేదు.

కారు దగ్గర చెదిరింది. ప్రయోగశాలలో అందరికన్నా చిన్నదైన ఫర్హానా ఒక పరీక్ష చేసింది. సాయంత్రం ఇంటికెలా వెళ్తారు, బస్సులోనా, తోటి ఉద్యోగి రమ్మంటున్న కారులోనా? అందరూ కారుకే మొగ్గారు. తర్వాత మూడో బొమ్మ పెట్టింది: ఇంకో ఉద్యోగి కూడా తన కారులో రమ్మంటున్నాడు. ఈసారి ఎక్కువమంది బస్సుకి మొగ్గారు.

"ఒకరు పిలిస్తే ఎక్కుతారు సార్. ఇద్దరు పిలిస్తే బస్టాపుకి పోతారు," అంది ఫర్హానా ఉత్సాహంగా.

"పట్టీ వదులుగా కట్టుంటావు."

"పట్టీ కాదు సార్. మా ఇంట్లో అచ్చం ఇంతే. ఏలూరులో పెళ్ళికెళ్తే ఇద్దరు మామయ్యలూ మా ఇంట్లో దిగమంటే మా ఇంట్లో దిగమంటారు. మా అమ్మ వెళ్ళి లాడ్జిలో దిగుతుంది. దిగి, ఇద్దరికీ ఫోన్ చేసి సారీ చెబుతుంది."

తిరుపతిరావు కూడా నవ్వాడు. నవ్వి, ఆ పరీక్షను పక్కన పెట్టమన్నాడు. ఆస్పత్రుల్లో మొగ్గును వాడుకోవడానికి అనుమతి రావలసిన సమయం అది. "మనుషుల బొమ్మలు పెట్టకమ్మా. పళ్ళు పెట్టు," అన్నాడు.

అక్కని అడిగిన ఆ సాయంత్రం అతను ఇంటికెళ్ళేసరికి వసుధ స్టూలెక్కి ముందు గది కిటికీకి పరదా కడుతోంది.

"వదినకి ఎండ పడుతుందేమోనని. ఇంకాస్త కిందికి దించనా?"

"ఏమో. రేపు ఏమంటుందో చూద్దాం."

"ఏమంటుంది, మనింటికే వస్తానంటుంది. ఇంకెక్కడికి పోతుంది?"

భార్యకి ఇష్టం లేదని చెప్పుకోవడానికీ లేదు. చాకిరీకి భయపడుతున్నాననీ అనుకోలేడు. పగలు మనిషిని పెడుతున్నారు. అతను భయపడుతున్నది ఆ కళ్ళకి. ఆర్టీసీ కండక్టరైన నాన్న బస్సు ప్రమాదంలో పోయినప్పుడు ఆయన ఉద్యోగం అక్కకిచ్చారు. వయసు వస్తూనే ఖాకీ చొక్కా తొడుక్కుని, ఇద్దరు తమ్ముళ్ళను పెంచింది. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా తర్వాత చూద్దామంది. చివరికి అడిగేవాళ్ళు మానేశారు. ఆ సంగతి ఒక్కసారైనా ఎత్తి పొడిచి ఉంటే అతను ఎదురుతిరిగి, పోట్లాడి, స్వతంత్రుడయ్యేవాడు. ఆమె ఎత్తలేదు. ఎన్ని డిగ్రీలు వచ్చినా ఆమె ఎదురుగా అతను పక్క తడిపి లేచిన పిల్లాడే. ఆ కళ్ళు ముందు గదిలో, వెళ్ళినా వచ్చినా తనని చూస్తూ, ఏమీ అనకుండా, ఏళ్ళ తరబడి! తన ఇంట్లో తాను ఎవరికీ ఏమీ కానవసరం లేని మూల ఒకటి అతనికి కావాలి.

అక్కని వద్దనలేడు. అక్కే వద్దంటే?

ఆలోచన అక్కడికి రాగానే, చిన్నప్పటి దీపావళి ఒకటి గుర్తొచ్చింది. ఆ ఏడు ఇంట్లో వండుకునే స్థితి లేదు. అటు పక్కవాళ్ళు భోజనానికి పిలిచారు. అక్క సరేనంది. అంతలో ఇటు పక్కవాళ్ళూ పిలిచారు. వాళ్ళింట్లో ఎప్పుడూ కారం ఎక్కువ. అక్కడికి వెళ్దామని ఎవరూ అనుకోలేదు. అయినా అక్క ఇద్దరికీ నమస్కారం పెట్టి, తమ్ముళ్ళిద్దరినీ బస్సు డిపోకి తీసుకుపోయి, బల్ల మీద కూర్చోబెట్టి అటుకులు పెట్టింది. "ఒకరింటికెల్తే ఇంకొకరు సిన్నబుచ్చుకుంటారు కదరా," అంది. గారెల వాసన రెండు వైపుల నుంచీ వస్తున్న ఇంటిని వదిలి వచ్చినందుకు అతను ఆ రోజంతా అక్కతో మాట్లాడలేదు.

ఫర్హానా పరీక్షలో లోపం లేదు. ఆ సంగతి అతనికి మొదటినుంచీ తెలుసు. అతను ఫోన్ తీసి తమ్ముడు సింహాచలానికి చేశాడు.

సింహాచలం గాజువాకలో టెంట్ హౌస్ నడుపుతాడు. పెళ్ళిళ్ళకీ, సభలకీ షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిస్తాడు. గట్టిగా మాట్లాడతాడు, గట్టిగా నవ్వుతాడు, అన్నగారి దగ్గర మాత్రం సగం మాటలు మింగేస్తాడు.

"రేపు అక్కని అడుగుతున్నాంరా. నీ పేరు కూడా పెడదామనుకుంటున్నాను."

"నా పేరేటన్నయ్యా! నాదీ ఓ ఇల్లేనేటి? మనుసుల కన్నా కుర్సీలెక్కువ."

"అంటే నువ్వు పిలవవా?"

అవతల నుంచి వచ్చిన గొంతు వేరుగా ఉంది.

"పిలవాలనే ఉందన్నయ్యా. నీ అంత ఇల్లుండగా నేను నోరెత్తితే నవ్వుతావనీసి ఊరుకున్నాను. మా ఆవిడ సణుగుతాదనుకో. సణుగుతానే అన్నం కలిపి ఎడతాది. సోటు సాలకపోతే ఈదిలో షామియానా ఏసీసుకుని నేనే బయట తొంగుంటాను."

"రేపు ఇంటి ఫోటో పట్టుకురా," అన్నాడు తిరుపతిరావు.

మర్నాడు సింహాచలం ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికన్నా ముందే వచ్చి కూర్చున్నాడు. ఫోటో ఆ ఉదయం తీయించినట్టుంది: పిల్లలు పండగ బట్టల్లో, వెనక గోడ కనపడకుండా పేర్చిన ఎర్ర కుర్చీలు. కమిటీ అధ్యక్షుడు మూడు బొమ్మలూ చూసి తిరుపతిరావు చెయ్యి పట్టుకుని ఊపాడు. "యంత్రం మీది, అక్క మీది. అయినా తమ్ముణ్ణి మీతో సమానంగా నిలబెట్టారు చూశారా, ఇదీ నిజాయితీ అంటే!"

ఫర్హానా స్విచ్చి వేసింది. పైడమ్మ కళ్ళు పెద్ద తమ్ముడి ఇంటి మీద ఆగాయి. చిన్న తమ్ముడి ఇంటి మీదికి వెళ్ళాయి. మళ్ళీ వెనక్కి వచ్చాయి. ఇటూ అటూ, ఇటూ అటూ తిరిగి, అలిసిపోయినట్టు సముద్రం కనిపించే కిటికీ మీద వాలాయి. స్తంభాలు లేచాయి. తమ్ముళ్ళిద్దరివీ కొలిచి కోసినట్టు సమానంగా, బెత్తెడు ఎత్తులో ఆగిపోయాయి. సంరక్షణ గృహానిది పైదాకా వెళ్ళింది.

సింహాచలం కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. "అక్కకి అదే ఇష్టమైతే మనమేటి సేత్తాం?" అన్నాడు. అధ్యక్షుడు అనుమతి పత్రం మీద సంతకం చేశాడు.

అందరూ లేచాక, ఫర్హానా పట్టీ విప్పుతూ మెల్లిగా అడిగింది. "సార్, ఒక్కసారి రెండేసి బొమ్మలు పెట్టి అడుగుదామా?"

"ఎందుకు? ఇష్టం తెలిసిపోయిందిగా."

ఆమె తలెత్తి చూసింది. ఒక్క క్షణమే. తర్వాత తీగ చుట్టడంలో పడింది. తిరుపతిరావు చెవులు వేడెక్కాయి. అక్క మొహం చూడకుండానే, "సముద్రం గాలి నీకు మంచిదక్కా," అని బయటికి వచ్చేశాడు.

లెక్క ప్రకారం అతను ఏ తప్పూ చేయలేదు. ఒక పేరు తీసెయ్యలేదు, ఒక పేరు కలిపాడు. ఎవరైనా తనని నిలదీస్తే ఇదే చెప్పాలని అనుకున్నాడు. ఎవరూ నిలదీయలేదు. పైగా వసుధ కొన్నాళ్ళపాటు ఆ పరదాని విప్పలేక, "నేనేమైనా తక్కువ చేశానంటారా, వదిన అందుకే రానందా?" అని అడుగుతుండేది. అతను లేదు లేదని చెప్పేవాడు. ఎందుకు రానందో మాత్రం చెప్పేవాడు కాదు.

ఆదివారాలు తమ్ముళ్ళిద్దరూ కొండెక్కి వెళ్ళేవారు. సింహాచలం అక్క తల దువ్వుతూ, తాను షామియానాలు వేసిన పెళ్ళిళ్ళలో జరిగిన గొడవలన్నీ అభినయించి చెప్పేవాడు. దిగి వచ్చేటప్పుడు ఒకరోజు అన్నాడు: "అక్క నా ఇంటికి రాకపోయినా ఫరవానేదన్నయ్యా. అంతమంది పెద్దోళ్ళలో నీ పక్కన నా పేరెట్టినావు సూడు. మా ఆవిడ ఊరంతా సెప్పుకుంటంది." తిరుపతిరావు చెప్పుల పట్టీ సర్దుకుంటున్నట్టు వంగి, తమ్ముడు ముందుకు సాగేదాకా లేవలేదు.

ఆ తర్వాత మొగ్గు చాలా ఆస్పత్రులకు వెళ్ళింది. ఒక మధ్యాహ్నం ఫర్హానా అతని గదిలోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడే మాట్లాడింది.

"సార్, ప్రతి చోటా బంధువులందరి పేర్లూ పెట్టాలని రూలు పెట్టారు. ఎంతమంది పిలిస్తే అంతమందీ. ఎక్కువమంది పిలిచిన రోగులే ఎక్కువగా వార్డుకి మొగ్గుతున్నారు. ఎవరూ లేని ఒకాయన్ని పక్కింటాయన ఒక్కడు పిలిస్తే ఆనందంగా వెళ్ళాడు. నలుగురు కూతుళ్ళున్నావిడ వార్డులో ఉండిపోయింది." కొంచెం ఆగి, "దీన్ని పైడమ్మ పద్ధతి అంటున్నారు సార్. మీ అక్కగారి పేరే పెట్టారు," అంది.

అతను బల్ల మీది కాగితాల బరువును ఇటు నుంచి అటు జరిపాడు.

"కారు పరీక్ష బయట పెట్టేయమ్మా. ఆపించింది నేనేనని కూడా రాయి."

"రాస్తాను సార్," అంది ఫర్హానా. ఆ గొంతులో అతని మీద జాలి లేకపోవడం ఆ రోజు అతనికి దక్కిన ఒకే ఒక్క ఊరట.

అదే రోజు చిన్న తెరనీ, పట్టీనీ సంచిలో వేసుకుని కొండెక్కాడు. మూడో బొమ్మ తీసేశాడు. మొదటి మధ్యాహ్నంలాగే రెండే పెట్టాడు: ఈ మంచం, తన ఇల్లు. "అక్కా, వసుధ అడుగుతోంది. వచ్చేస్తావా?" అన్నాడు.

స్తంభాలు లేచాయి. సంరక్షణ గృహానిది పైకి. అతని ఇంటిది బెత్తెడు. ఆ ఒక్క బెత్తెడే.

పట్టీ బిగించి మళ్ళీ అడిగాడు. మళ్ళీ అంతే. అప్పుడు అర్థమైంది. తెర మీంచి తీసేసినంత తేలిగ్గా ఆ మూడో పేరు ఆమె లోపలి నుంచి పోదు. చిన్నవాడు కూడా పిలిచాడు. ఇప్పుడు పెద్దవాడి ఇంటికి వెళ్తే చిన్నవాడు పేదవాడు కాబట్టి తక్కువైనట్టు. మొహమాటం కోరిక మీద మూత కాదు. కోరికలో కలిసిపోయి ఉంటుంది. తీసి చూడడానికి కింద వేరే ఏమీ ఉండదు. ఇది తెలుసుకోవడానికి అతను ఒక యంత్రాన్ని కనిపెట్టవలసి వచ్చింది. ఆ యంత్రంతో, తను బాగా ఎరిగిన ఒకే ఒక్క మనిషిని మోసం చేయవలసి వచ్చింది.

గాజువాకలో టెంట్ హౌస్ ముందు సింహాచలం కుర్చీలు లెక్కించి లారీ ఎక్కిస్తున్నాడు. అన్నగారిని చూసి ఒక ఎర్ర కుర్చీ దులిపి వేశాడు. తిరుపతిరావు కూర్చోలేదు. మొదటి మధ్యాహ్నం సంగతి, ఫోన్ చేసిన సంగతి, ఏమీ దాచకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ తన గొంతు ఎవరో ఉపన్యాసం ఇస్తున్నట్టుండడం అతనికే వినిపించింది.

సింహాచలం ఆ కుర్చీలో తానే కూర్చున్నాడు.

"అయితే అక్క నీ ఇంటికొచ్చీస్తానంది. రాకండా ఉండడానికి నన్ను పిలిసినావు."

"అవును."

"మీటింగులకి ఎనకాల వరసల్లో కాలీ కుర్సీలెయ్యమంటారన్నయ్యా. ఎవులూ కూకోరు. నిండుగా కనిపించాల, అంతే. అలగేసినావు నన్ను." నవ్వబోయాడు కానీ రాలేదు. "నేనేమో ఇస్త్రీ సొక్కా ఏసుకునొచ్చినాను."

"తప్పు చేశానురా. ఇప్పుడు సరిదిద్దాలి. నువ్వొచ్చి అక్కతో, మీ ఇంట్లో కుదరదని చెప్పు. నువ్వు చెప్తే ఆమెకి ఆ అడ్డం పోతుంది. మా ఇంటికి వస్తుంది. వసుధ మంచం అలాగే ఉంచింది."

"నీకు ఇట్టమేటి, అక్క రావడం?"

తిరుపతిరావు లారీలో పేర్చిన కుర్చీల వైపు తిరిగాడు. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. సింహాచలం చెయ్యెత్తి ఆగమన్నాడు.

"నేను కుదరదంటే అది అబద్దమవుద్దన్నయ్యా. అక్కకి అబద్దం సెప్పి నేనింట్లో అన్నం తినలేను. నువ్వు సెప్పు. నీకైతే నిజమే కదా."

మర్నాడు ఉదయం ఇద్దరూ కొండెక్కారు. దారి పొడవునా తిరుపతిరావు వాక్యాలు కూర్చుకున్నాడు. వసుధ ఆరోగ్యం, ఇంటి మరమ్మతులు, తన ప్రయాణాలు. ఏ వాక్యమైనా అక్క నమ్ముతుంది. అదే చిక్కు: నమ్మి, అవన్నీ సర్దుకున్నాక వస్తానని లోపల ఎక్కడో అనుకుంటుంది. రెండు పిలుపులూ ఉన్నట్టే, అడ్డం అడ్డంగానే ఉంటుంది. సింహాచలం గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

పైడమ్మ మంచం తల వైపు ఎత్తి ఉంది. తిరుపతిరావు ఈసారి ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, నువ్వు మా ఇంటికి రావడం నాకు ఇష్టం లేదు."

గదిలో పంకా తిరుగుతోంది. ఆమె రెప్ప వాల్చలేదు.

"వసుధకి ఇష్టమే. గది ఉంది. నాకే ఇష్టం లేదు. నువ్వు వస్తానన్నావని తెలిసే తమ్ముడి పేరు పెట్టాను. నువ్వు ఎవరింటికీ రావని తెలిసే పెట్టాను."

చెప్పడం అయిపోయింది. ఇంత పొట్టిగా ఉంటుందని అతను అనుకోలేదు. ఆమె నుదుటికి పట్టీ కట్టి రెండు బొమ్మలు పెట్టాడు: ఈ మంచం, ఎర్ర కుర్చీల ముందు పండగ బట్టల్లో నిలబడ్డ పిల్లలు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టాలని ఇంతవరకు అతనికి తోచనే లేదు. సింహాచలం ఇల్లు అతని లెక్కలో ఒక ఇల్లు కాదు. ఎవరూ ఎంచుకోని వస్తువు.

సింహాచలం ఇంటి స్తంభం లేచింది. ఆగకుండా, తడబడకుండా, తెర అంచుని తాకి నిలిచింది.

"ఓలక్కా!" అన్నాడు సింహాచలం గుమ్మంలోంచి. ఒక్క ఉదుటున లోపలికొచ్చి ఆమె తల పట్టుకున్నాడు. "పద పద. మా ఆవిడ ఇప్పట్నించే సణుగుతంది, ఆలీసమైతే ఇంకా సణుగుతాది."

కుర్చీలు మోసే వ్యాను కింద ఆగి ఉంది. అందులో పరుపు వేయించాడు. లిఫ్టు లేని చోట మెట్ల మీద ఇద్దరూ పట్టుకోవలసి వచ్చింది. "అన్నయ్యా, కాళ్ళేపు నువ్వట్టుకో," అన్నాడు సింహాచలం. తల తన భుజానికి ఆనించుకున్నాడు. అలా దించుతుంటే ఆమె మొహం సరిగ్గా తిరుపతిరావుకి ఎదురుగా వచ్చింది. తప్పించుకోవడానికి లేదు. మెట్టు మెట్టుకీ ఆ కళ్ళు అతన్నే చూస్తున్నాయి.

వాటిలో కోపం కోసం వెతికాడు. కాస్త దొరికినా చాలు, జన్మంతా దాచుకునేవాడు. అసహ్యం కోసం వెతికాడు. అదీ లేదు. పొరపాటున పరాయి ఇంటి గడప దాకా వచ్చి, ఆ ఇంటివాడి చేత నోరు తెరిచి పొమ్మనిపించుకుని, పొమ్మన్నందుకు అతనెంత బాధపడుతున్నాడోనని తనే తల దించుకునే మనిషి చూపు అది. తల దించుకోవడానికి ఆమెకి మెడ వంగదు. అందుకని రెప్పలు వాల్చింది.